పాత సర్వర్‌లో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవ్వట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లు, విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపులు, రెండు మూడు ఆడిటర్ ఆఫీసులు, వీళ్ళ కంప్యూటర్లూ సర్వర్లూ నేను చూస్తుంటా. ప్రతి ఏడాదీ మార్చి నెలాఖరుకీ ఏప్రిల్ మొదటి వారానికీ నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే గొడవ, కొత్త వెర్షన్ డౌన్‌లోడ్ చేశాం, సర్వర్ తీసుకోవట్లేదు అని. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీ చట్టం కింద రిజిస్టర్ అయిన కంపెనీలు ఆడిట్ ట్రైల్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసి ఉంచే ఏర్పాటు) ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి కదా, అప్పట్నుంచీ ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే పాత వెర్షన్‌తో నెట్టుకొచ్చేవాళ్ళు కూడా మారాల్సి వచ్చింది. ఫోన్‌లో చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్తున్నా కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. ఇక్కడ సర్వర్ అంటే విండోస్ సర్వర్ 2003, 2008, 2008 ఆర్2, 2012, 2012 ఆర్2 అనుకోండి.

అన్నా, సెటప్ నొక్కితే ఎర్రర్ వస్తోంది, ముందు ఏం చెయ్యమంటావ్?

ముందు సెటప్ విండో మూసేసి డేటా కాపీ తీయండి. ఎర్రర్ సంగతి తర్వాత. ఇది ఊరికే చెప్పట్లేదు, నేను చూసిన ఒక షాపులో వాళ్ళబ్బాయి సర్వర్ ఫార్మాట్ కొడితే సరిపోద్దని కొట్టేశాడు, బ్యాకప్ డీ డ్రైవ్‌లో ఉందిలే అనుకున్నాడు, తీరా చూస్తే సీ, డీ రెండూ ఒకే డిస్క్ మీద పార్టిషన్లు, ఫార్మాట్ చేసేటప్పుడు రెండూ తీసేశాడు, నాలుగేళ్ళ ఖాతాలు పోయాయి. రైతులకి ఇవ్వాల్సిన బాకీలు కాగితం పట్టీల్లోంచి మళ్ళీ ఎక్కించడానికి ఇద్దరు గుమాస్తాలకి రెండు నెలలు పట్టింది.

కాబట్టి టాలీ అయితే డేటా ఫోల్డర్ మొత్తం, లోపల అంకెల పేర్లతో ఉన్న ఫోల్డర్లు ఉంటాయి కదా ఒక్కో కంపెనీకి ఒకటి, అవన్నీ బయట హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్కోండి. టాలీ డాట్ ఐఎన్ఐ ఫైలు కూడా తీస్కోండి, డేటా ఎక్కడుందో, ఏ టీడీఎల్‌లు (టాలీకి అదనంగా జోడించే చిన్న ప్రోగ్రాములు) పెట్టారో అందులోనే ఉంటది. కాపీ చేశాక ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి, బ్యాలెన్స్ షీట్ కనపడితేనే బ్యాకప్ ఉన్నట్టు. మిషన్ మార్చే ఆలోచన ఉంటే, ఫార్మాట్ చేసే ఆలోచన ఉంటే, ముందే లైసెన్స్ సరెండర్ చేయండి, అంటే పాత మిషన్ నుంచి లైసెన్స్ విడిపించుకోండి, పాత మిషన్ పోయాక సరెండర్ చేయడానికి ఏమీ మిగలదు.

మాది సర్వర్ 2008 అంటున్నారు, ఇంకొకరు ఆర్2 అంటున్నారు, రెండూ ఒకటే కదా?

కాదండీ, అసలు సగం తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. 2008 అనేది విస్టా పునాది మీద కట్టింది, 2008 ఆర్2 అనేది విండోస్ 7 పునాది మీద కట్టింది. 2008లో 32 బిట్ కూడా ఉంది, ఆర్2 నుంచి 64 బిట్ ఒక్కటే. పేరు దగ్గరగా ఉన్నా లోపల ఒక తరం తేడా.

రన్‌లోకి వెళ్ళి విన్‌వెర్ అని కొట్టండి, ఒక చిన్న పెట్టె వస్తది, అందులో బిల్డ్ నంబర్ చూడండి. 6002 ఉంటే 2008 సర్వీస్ ప్యాక్ 2 (సర్వీస్ ప్యాక్ అంటే చాలా అప్‌డేట్లు కలిపి ఇచ్చే పెద్ద మూట). 7600 అయితే ఆర్2 కానీ సర్వీస్ ప్యాక్ వెయ్యలేదు, 7601 అయితే ఆర్2 సర్వీస్ ప్యాక్ 1. 9200 అంటే 2012, 9600 అంటే 2012 ఆర్2, 14393 అంటే 2016. ఆ తర్వాత మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో 32 బిట్టా 64 బిట్టా చూస్కోండి. ఈ రెండు ముక్కలు రాసి పెట్టుకుని మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ రిలీజ్‌కి ఏం కావాలని రాశారో దాంతో పోల్చండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. 7600 దగ్గర ఆగిపోయిన సర్వర్లు నేను చాలా చూశా, సర్వీస్ ప్యాక్ వెయ్యకుండా పదేళ్ళు నడిపినవి, వాటిలో ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఏదీ సరిగ్గా ఎక్కదు, ముందు సర్వీస్ ప్యాక్ 1 వెయ్యాల్సిందే.

"నాట్ ఎ వ్యాలిడ్ విన్32 అప్లికేషన్" అని వస్తోంది. ఫైలు పాడైందా?

పాడై ఉండొచ్చు, డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే కూడా ఇదే మెసేజ్ వస్తది, కాబట్టి ఒకసారి మళ్ళీ దించి చూడండి, ఫైలు సైజు పోల్చుకోండి. కానీ ఎక్కువసార్లు కారణం వేరే. మీది 32 బిట్ విండోస్, ఫైలు 64 బిట్ అయితే ఇలాగే అంటది. టాలీప్రైమ్ 64 బిట్ విండోస్ మీదే నడుస్తది, 32 బిట్ సర్వర్ 2008లో ఎన్నిసార్లు నొక్కినా ఎక్కదు. సర్వర్ 2003 అయితే 32 బిట్ ప్రోగ్రామ్ కూడా చాలాసార్లు ఇదే మాట అంటది, ఎందుకంటే ఇప్పటి ప్రోగ్రాములు కనీసం విస్టా తరం విండోస్ కావాలని ఫైల్ లోపలే రాసుకుని వస్తాయి.

ప్రాసెసర్ 64 బిట్టే, విండోసే 32 బిట్. అప్‌గ్రేడ్ కొట్టేస్తే మారిపోద్దా?

మారదు. 32 నుంచి 64కి మీద మీదే అప్‌గ్రేడ్ లేదు, కొత్తగా విండోస్ వెయ్యాలి, అంటే డేటా, లైసెన్స్, ప్రింటర్లు, యూజర్లు అన్నీ మళ్ళీ మొదట్నుంచి. అంత పని ఎలాగూ చేస్తున్నప్పుడు పాత విండోసే మళ్ళీ ఎందుకు వెయ్యడం అని నా మాట.

ఏదో డీఎల్ఎల్ లేదంటోంది. నెట్‌లో ఆ డీఎల్ఎల్ ఒక్కటే దొరుకుతోంది, వేసెయ్యమంటారా?

వద్దు, దయచేసి వద్దు. డీఎల్ఎల్‌లు, అంటే ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైళ్ళు, విడివిడిగా ఇచ్చే సైట్ల నుంచి తెచ్చి సిస్టమ్ ఫోల్డర్‌లో పడెయ్యడం అంటే మీ ఖాతాలున్న మిషన్‌లోకి ఊరూ పేరూ తెలీనివాణ్ణి పిలవడమే.

ఆ పేరు "ఏపీఐ ఎంఎస్ విన్ సీఆర్‌టీ" అని మొదలవుతుంటే అది యూనివర్సల్ సీ రన్‌టైమ్ అనే భాగం. విండోస్ 10లోనూ సర్వర్ 2016లోనూ అది లోపలే ఉంటది, పాతవాటిలో విజువల్ సీ ప్లస్ ప్లస్ 2015 ప్యాకేజీతో గానీ కేబీ 2999226 అనే అప్‌డేట్‌తో గానీ వస్తది (కేబీ అంటే మైక్రోసాఫ్ట్ తన అప్‌డేట్లకి ఇచ్చే నంబర్). తమాషా ఏంటంటే ఆ ప్యాకేజీ కూడా ఎక్కనంటది చాలాసార్లు, అప్పుడు జనం కంగారు పడతారు. దానికి వరస ఉంది: 2008 ఆర్2 అయితే సర్వీస్ ప్యాక్ 1 ముందు ఉండాలి. 2012 ఆర్2 అయితే 2014 ఏప్రిల్‌లో వచ్చిన పెద్ద అప్‌డేట్ కేబీ 2919355 ఉండాలి, దానికంటే ముందు కేబీ 2919442 ఉండాలి. వరస తప్పితే "ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కి వర్తించదు" అని చెప్పి ఊరుకుంటది, ఏది తక్కువైందో మాత్రం చెప్పదు. అన్నిటికీ మధ్యలో రీస్టార్ట్ చేస్కోండి.

1603 అని వస్తోంది. దీనికి మందేంటి?

1603 అనేది జ్వరం లాంటిది, ఒంట్లో ఏదో బాలేదని చెప్తది, ఏం బాలేదో చెప్పదు. అందుకే నెట్‌లో 1603 అని వెతికితే వంద మంది వంద మందులు చెప్తారు, ఒక్కోటి చేసుకుంటూ పోతే సాయంత్రానికి సర్వర్ ఇంకా పాడవుద్ది. లాగ్ చూడండి, అంటే సెటప్ ఏం చేసిందో వరసగా రాసుకునే ఫైలు. లాగ్ చూడకుండా ఏదీ ముట్టుకోకండి.

సెటప్ ఎంఎస్ఐ ఫైలైతే, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎంఎస్ఐ ఎగ్జెక్ అని కొట్టి, స్పేస్, స్లాష్ ఐ, స్పేస్, ఫైలు పూర్తి దారి, స్పేస్, స్లాష్ ఎల్ స్టార్ వీ, స్పేస్, లాగ్ ఫైలు ఎక్కడ రాయాలో ఆ దారి. ఫోన్‌లో ఎలా చెప్తానో అలాగే రాశా. అది ఫెయిలయ్యాక ఆ లాగ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి "రిటర్న్ వాల్యూ 3" అని ఇంగ్లీషులో వెతకండి. మొదటిసారి ఎక్కడ కనిపిస్తదో అక్కడ ఆగండి, దానికి పది ఇరవై లైన్ల పైన అసలు కారణం ఉంటది. ఏ ఫోల్డర్‌లోకి రాయలేకపోయిందో, ఏ సర్వీస్ మొదలవ్వలేదో, ఏది లేదో అక్కడ పేరుతో సహా ఉంటది.

నాకు ఎక్కువగా తగిలినవి చెప్తా. సీ డ్రైవ్ నిండిపోవడం ఒకటి, నలభై జీబీ పార్టిషన్ చేసి వదిలేస్తారు, పదేళ్ళ అప్‌డేట్లతో అది నిండుతది. సిస్టమ్ అనే ఖాతాకి ఇన్‌స్టాల్ ఫోల్డర్ మీద పూర్తి పర్మిషన్ లేకపోవడం ఒకటి, ఎవరో భద్రత కోసమని అందరినీ తీసేసి తన పేరు ఒక్కటే పెట్టుకుంటారు. ఇంకోటి, సెటప్ ఫైలు నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టి, జెడ్ డ్రైవ్ అనుకోండి, అక్కడి నుంచి అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం. మీకు కనపడే జెడ్ డ్రైవ్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే సెటప్‌కి కనపడదు, మధ్యలో ఫైలు దొరక్క పడిపోద్ది. సెటప్‌ని ఎప్పుడూ సీ డ్రైవ్‌లోకి కాపీ చేస్కుని అక్కడి నుంచే నడపండి.

1618, 1625, 1633 కూడా వచ్చాయి.

ఇవి 1603 కంటే నయం, విషయం సూటిగా చెప్తాయి. 1618 అంటే ఇంకో ఇన్‌స్టాలేషన్ ఇప్పటికే నడుస్తోంది, విండోస్ అప్‌డేట్ అయ్యుండొచ్చు, ఆగి చూడండి, లేదంటే సర్వర్ రీస్టార్ట్ చేయండి. రెండేళ్ళుగా ఆపని సర్వర్లు ఉంటాయి, వాటిలో సగం పూర్తయిన అప్‌డేట్లు రీస్టార్ట్ కోసం కూర్చుని ఉంటాయి, ఒక్క రీస్టార్ట్‌తో దారికొస్తాయి. కానీ బ్యాకప్ తీశాకే సుమా, అన్నేళ్ళు ఆగని డిస్కులు ఆపితే మళ్ళీ లేవకపోవచ్చు. 1625 అంటే పాలసీ అడ్డు పెట్టింది, డొమైన్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకచోట నుంచి అదుపు చేసే ఏర్పాటు) చూసేవాళ్ళని అడగండి. 1633 అంటే ఈ ప్రాసెసర్ రకానికి ఈ ప్యాకేజీ కాదు, అదే 32, 64 గొడవ.

డాట్ నెట్ కావాలంటోంది. అది కూడా ఎక్కట్లేదు.

డాట్ నెట్ అంటే చాలా ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన మైక్రోసాఫ్ట్ భాగం. ముందు ఏ డాట్ నెట్ అడుగుతోందో చూడండి, 3.5 వేరు, 4.8 వేరు, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనుకోకండి.

3.5 అయితే సర్వర్ 2012 నుంచి అది ఫీచర్ లాగా ఉంటది, సర్వర్ మేనేజర్‌లో టిక్ పెట్టాలి, కానీ దాని ఫైళ్ళు డిస్క్ మీద ఉండవు. నెట్ లేకపోతే, లేదా అప్‌డేట్ సర్వర్ అడ్డం ఉంటే ఫెయిలవుద్ది. విండోస్ డీవీడీ పెట్టి, సోర్సెస్ ఫోల్డర్‌లో ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ ఉంటది, ఆ దారిని "ఆల్టర్నేట్ సోర్స్ పాత్" అనే చోట ఇవ్వండి. మీ సర్వర్ ఏ వెర్షనో డీవీడీ కూడా అదే వెర్షన్ అయ్యుండాలి, 2012 ఆర్2కి 2012 డీవీడీ పెడితే ఒప్పుకోదు.

4.8 అయితే 2008 ఆర్2 సర్వీస్ ప్యాక్ 1 మీద, 2012 మీద, 2012 ఆర్2 మీద ఎక్కుద్ది. ఆర్2 కాని పాత 2008 మీద ఎక్కదు, దానికి దారి లేదు. 2008 ఆర్2లో రెండు చోట్ల ఆగుద్ది. ఒకటి, సర్టిఫికెట్ చైన్ నమ్మలేనిది అంటది, నెట్ లేని సర్వర్లలో ఇది మామూలే, మైక్రోసాఫ్ట్ రూట్ సర్టిఫికెట్ 2011 అనేది వేస్కోవాలి. రెండు, డీ3డీ కంపైలర్ లేదంటది, దానికి కేబీ 4019990, ఇది 2012కి కూడా కావాలి.

డిజిటల్ సిగ్నేచర్ చెల్లదని ఆపేస్తోంది. అసలు సాఫ్ట్‌వేరే కదా ఇది?

ముందు గడియారం చూడండి, నిజంగా. సర్వర్ తేదీ 2009 అనో 2010 అనో ఉంటే ఏ సర్టిఫికెట్టూ చెల్లదు. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళ లాంటి సెల్ ఉంటది, సీఆర్ 2032, అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోద్ది. మన దగ్గర వేసవిలో కరెంటు కోతలకి యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే రోజూ ఇదే కథ. యాభై రూపాయల లోపు సెల్‌తో పోయేదానికి మూడు రోజులు తల బద్దలుకొట్టుకున్నవాళ్ళని చూశా. తేదీ తప్పు ఉన్న సర్వర్‌లో వోచర్లు ఎక్కిస్తే ఇంకో తలనొప్పి, అది వేరే సంగతి.

తేదీ సరిగ్గానే ఉంటే, 2008, 2008 ఆర్2 సర్వర్లకి షా2 అనే కొత్త రకం సంతకం పూర్తిగా అర్థం కావాలంటే 2019లో వచ్చిన అప్‌డేట్లు ఉండాలి. ఆర్2కి ముందు కేబీ 4490628, తర్వాత కేబీ 4474419, రీస్టార్ట్. 2019లో మైక్రోసాఫ్ట్ తన సొంత అప్‌డేట్లే షా2తో ఇవ్వడం మొదలెట్టింది, కాబట్టి ఈ రెండూ లేకపోతే ఆ తర్వాతి అప్‌డేట్ ఏదీ ఎక్కదు.

ఇన్‌స్టాల్ అయింది, కానీ యాక్టివేషన్ అవ్వట్లేదు, ఈ-ఇన్‌వాయిస్ పోవట్లేదు. నెట్ బానే ఉంది.

టీఎల్ఎస్ 1.2 చూడండి, నెట్‌లో డేటాని భద్రంగా పంపే పద్ధతి అది. ఇప్పుడు ఆన్‌లైన్ సర్వీసులు దాదాపు అన్నీ కనీసం టీఎల్ఎస్ 1.2 అడుగుతాయి. సర్వర్ 2003కి అది రాదు. 2008కి కేబీ 4019276 వేస్తే వస్తది. 2008 ఆర్2లో ఉంది కానీ మొదట్నుంచీ ఆపేసి ఉంటది, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఆన్ చెయ్యాలి. ఆర్2కీ 2012కీ ఇంకో మెలిక ఉంది, విండోస్ లోపలి నెట్ భాగం ఒకటి పాత టీఎల్ఎస్‌నే వాడుతూ ఉంటది, దానికి కేబీ 3140245 వేసి, దాంతోపాటు మైక్రోసాఫ్ట్ చెప్పిన రిజిస్ట్రీ విలువ పెట్టాలి, అప్‌డేట్ ఒక్కటే వేసి వదిలేస్తే ఏమీ మారదు. డాట్ నెట్ మీద నడిచే ప్రోగ్రామ్ అయితే "స్ట్రాంగ్ క్రిప్టో" అనే విలువ కూడా పెట్టాలి, 32 బిట్‌కీ 64 బిట్‌కీ రెండు చోట్లా. రిజిస్ట్రీ ముట్టుకునే ముందు ఎక్స్‌పోర్ట్ చేస్కోవడం మర్చిపోకండి.

ఈ-ఇన్‌వాయిస్ 2023 ఆగస్టు 1 నుంచి ఐదు కోట్ల టర్నోవర్ దాటినవాళ్ళకి కూడా తప్పనిసరి అయింది కాబట్టి, ఇంతకుముందు ఈ గొడవ పట్టని చిన్న కొట్లకి కూడా ఇప్పుడు తగులుతోంది. లారీ లోడ్ అయి గేటు దగ్గర ఆగి ఉంటది, ఐఆర్ఎన్ (ఈ-ఇన్‌వాయిస్‌కి పోర్టల్ ఇచ్చే నంబర్) రాదు, డ్రైవర్ హారన్ కొడుతుంటాడు. ఆ టైమ్‌లో రిజిస్ట్రీ జోలికి వెళ్ళకండి, ముందు ఇంకో కొత్త కంప్యూటర్‌లో పోర్టల్‌లోంచి ఇన్‌వాయిస్ తీసి లారీని పంపెయ్యండి, సర్వర్ సంగతి రాత్రి చూద్దాం.

మా సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వేస్తది, అక్కడే ఆగుతోంది.

అయితే ఇది అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అంటే డేటా దాచే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్, విండోస్ సర్వర్ వేరు, ఇది వేరు. ఎస్‌క్యూఎల్ 2016, 2017 వెర్షన్లకి కనీసం విండోస్ సర్వర్ 2012 కావాలి, 2019, 2022 వెర్షన్లకి సర్వర్ 2016 కావాలి. 2008 ఆర్2 మీద ఎక్కే చివరి వెర్షన్ ఎస్‌క్యూఎల్ 2014. మీ సాఫ్ట్‌వేర్ 2014తో నడుస్తదా అని కంపెనీని అడగండి, నడుస్తదంటే దాన్ని విడిగా ముందు వేసి తర్వాత సాఫ్ట్‌వేర్ వెయ్యొచ్చు. ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్‌లో 2014 అయితే ఒక డేటాబేస్‌కి పది జీబీయే హద్దు, పెద్ద వ్యాపారాలు ఇది చూస్కోవాలి.

అందరం రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అయి వాడతాం. అడ్మిన్‌కి వస్తోంది, మిగతావాళ్ళకి తెరుచుకోవట్లేదు.

టెర్మినల్ సర్వర్‌లో, అంటే ఇలా అందరూ లాగిన్ అయి వాడే సర్వర్‌లో, మామూలుగా డబుల్ క్లిక్ చేసి వేసేశారు, అదీ సంగతి. తీసేసి, అందరినీ లాగాఫ్ చేయించి, కంట్రోల్ ప్యానెల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్‌లో అప్లికేషన్ వెయ్యడం అని ఒక ఐటమ్ ఉంటది, దాంట్లోంచి వెయ్యండి. లేదా కమాండ్ ప్రాంప్ట్‌లో ఛేంజ్ యూజర్ స్లాష్ ఇన్‌స్టాల్ కొట్టి, సెటప్ అయ్యాక ఛేంజ్ యూజర్ స్లాష్ ఎగ్జిక్యూట్ కొట్టండి.

కంపాటిబిలిటీ మోడ్ పెడితే అవుద్దా?

పాత ప్రోగ్రామ్‌ని కొత్త విండోస్‌లో నడపడానికి అది. కొత్త ప్రోగ్రామ్‌ని పాత విండోస్‌లో నడపడానికి పనికిరాదు.

సర్వర్‌ని ఫైళ్ళకే ఉంచి, సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్త కంప్యూటర్‌లో వేస్కుంటే?

మంచి దారే, నేను చాలామందికి ఇదే చెప్తా, కానీ సర్వర్ 2003 అయితే వద్దు. 2003కి ఎస్ఎంబీ 1 (ఫైళ్ళు షేర్ చేసే పాత పద్ధతి) ఒక్కటే వచ్చు, విండోస్ 10లో 2017 చివరి వెర్షన్ నుంచి కొత్తగా వేసినప్పుడు అది ఉండదు, షేర్ తెరుచుకోదు. అది ఆన్ చేసేస్తే తెరుచుకుంటదని చెప్పేవాళ్ళున్నారు, నిజమే తెరుచుకుంటది, కానీ 2017 మేలో వానాక్రై అనే, ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే వైరస్ పాకింది ఆ తలుపులోంచే. ఖాతాలన్నీ లాక్ అయి డబ్బులు అడిగే మెసేజ్ వచ్చిన రోజు ఆ పొదుపు గుర్తుకొస్తది.

2008 ఆర్2 నుంచి పర్లేదు. ఇంకా మంచిది ఏంటంటే తిప్పేయడం, కొత్త డెస్క్‌టాప్‌లోనే డేటా పెట్టేయడం. విండోస్ 10, 11లో షేర్‌కి ఒకేసారి ఇరవై కనెక్షన్ల దాకా వస్తాయి, ఐదారుగురు గుమాస్తాలుండే కొట్టుకి అది చాలు. టాలీ గోల్డ్ (ఎక్కువమంది కలిసి వాడే లైసెన్స్) వాడేవాళ్ళు ఫైర్‌వాల్‌లో 9999 పోర్టు తెరవడం మర్చిపోకండి, లైసెన్స్ అడిగేది ఆ పోర్టులోనే.

కొత్త వెర్షన్‌లో డేటా తెరిచాక నచ్చకపోతే పాతదానికి రావొచ్చా?

మైగ్రేట్ అయిన డేటా పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అందుకే మొదట కాపీ మీద చెయ్యండి, ట్రయల్ బ్యాలెన్స్ రెండిట్లో పక్కపక్కన పెట్టి చూడండి, పైసాతో సహా కలిస్తే అప్పుడు అసలుది మార్చండి. పాత మిషన్‌ని కూడా వెంటనే అమ్మేయకండి. కంపెనీలైతే ఎనిమిదేళ్ళ ఖాతాలు ఉంచాలి, జీఎస్టీ కింద వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. పాత సర్వర్‌ని ఉన్నదున్నట్టు డిస్క్‌2వీహెచ్‌డీ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఉచిత టూల్‌తో ఒక ఫైలుగా తీసి, హైపర్-వీలో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే విండోస్ భాగం) పెట్టి నెట్‌వర్క్ లేకుండా ఉంచుకుంటే ఎప్పుడైనా ఆఫీసర్ పాత లెడ్జర్ అడిగితే తెరిచి చూపించొచ్చు. విండోస్ లైసెన్స్ అలా మార్చుకోవడానికి ఒప్పుకుంటదో లేదో ముందే చూస్కోండి, కొన్న మిషన్‌తోపాటు వచ్చిన లైసెన్సులు ఒప్పుకోవు.

ఎప్పుడు వదిలేయమంటారు? ఎంతవరకు కష్టపడాలి?

2003, ఆర్2 కాని 2008, ఈ రెండిటి మీద కొత్త సాఫ్ట్‌వేర్ వెయ్యాలని ఒక్క గంట కూడా పెట్టకండి. 2008 ఆర్2 అయితే పైన చెప్పిన అప్‌డేట్లతో ఒక రోజు పని, కానీ దానికి భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే మామూలు వాళ్ళకి ఆగిపోయాయి, ఈ సీజన్ గట్టెక్కడానికి చేస్కోండి తప్ప ఇంకో ఐదేళ్ళకి కాదు. 2012, 2012 ఆర్2లకి 2023 అక్టోబర్ 10తో ఆగింది. 2012 ఆర్2 ఉన్నవాళ్ళు 2016కి గానీ 2019కి గానీ మీద మీదే అప్‌గ్రేడ్ చెయ్యొచ్చు, 2016కి కూడా 2027 జనవరి 12 వరకే ఉంది కాబట్టి 2019కి వెళ్ళడం మేలు.

సర్వర్ అని పేరున్నంత మాత్రాన సర్వరే కొనాలని లేదు. నలుగురైదుగురు వాడే చోట మంచి ఎస్ఎస్‌డీ ఉన్న డెస్క్‌టాప్, విండోస్ ప్రో, ఒక యూపీఎస్, రెండు బయటి హార్డ్‌డిస్కులు వారానికొకటి మార్చి మార్చి బ్యాకప్ తీస్కుంటూ, ఒకటి ఇంట్లో పెట్టుకుంటూ, ఇది పదేళ్ళ సర్వర్ కంటే నయం. కొత్త మిషన్ ఖర్చుకి వెనకాడే ఓనర్లకి నేను ఒకటే అడుగుతా, మార్చి 31న బిల్లింగ్ ఒక రోజు ఆగితే ఎంత పోద్ది అని.

సపోర్ట్ వాళ్ళకి ఫోన్ చేస్తే మళ్ళీ మళ్ళీ అదే అడుగుతున్నారు.

ఫోన్ చేసే ముందు నాలుగు సిద్ధం చేస్కోండి: విన్‌వెర్ స్క్రీన్ ఫోటో, 32 బిట్టా 64 బిట్టా, ఎర్రర్ విండో ఫోటో మొత్తం అక్షరాలు కనపడేలా, ఆ లాగ్ ఫైలు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ నంబర్, లైసెన్స్ గడువు తేదీ కూడా దగ్గర పెట్టుకోండి, సబ్‌స్క్రిప్షన్ అయిపోయి ఉంటే ఆ తర్వాత వచ్చిన రిలీజ్ మీ లైసెన్స్‌తో నడవదు, సర్వర్ తప్పేం లేకపోయినా. రిమోట్‌లోకి రానిస్తే పక్కనే కూర్చోండి, వాళ్ళు ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి. రేపు ఇంకొకరు వచ్చి చూసినప్పుడు మొదట అడిగేది ఆ కాగితమే.